నాణేఘాట్ ఎప్పుడు పోవాలె, ఏ దిక్కు నుంచి ఎక్కాలె

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైన కాడికి ఇది. నాందేడ్ నుంచి సొంత కారు, జూలైల రెండు రోజుల సెలవు, తోడు అమ్మ, పదేండ్ల కొడుకు. నాణేఘాట్ల, అంటే మహారాష్ట్రల జున్నర్ కాడ సహ్యాద్రి కొండల ఉన్న పాత కాలినడక కనుమల, ఆ ఉల్టా జలపాతం (నీళ్ళు గాలికి పైకే ఎగిరేది) చూపియ్యాలె, వీలైతే గుహల రాతలు కూడా చూడాలె, జున్నర్ దిక్కు నుంచి కారు పైదాకా పోతది కదా మళ్ళ కింద నుంచి నడిచి ఎక్కుడు అవసరమా అని. చెప్త, జర పొడుగైతది, ఈ ఘాట్ ముచ్చట మొదలుపెడితే నాకు ఆగుడు రాదు.

నేను భోకర్ వాణ్ణి. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, బండి మీద హిందీ. ఇరవై ఆరేండ్లు లారీ నడిపిన, పోయేటప్పుడు పసుపు బస్తాలు, వచ్చేటప్పుడు భివండీ బట్టల బేళ్ళు, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోక బండి అమ్మేసి టైర్ల దుకాణం పెట్టుకున్న. మా ఊరి నడుమల నుంచి పోయే రోడ్డును ఇప్పుడు 61 అంటున్నరు, మా అసుంటోళ్ళం ఇంకా 222 అనే అంటం. కళ్యాణ్ నుంచి మాళ్‌శేజ్ ఘాట్ ఎక్కి నగర్ (ఇప్పటి అహిల్యానగర్), పర్భణి, నాందేడ్, భోకర్, భైంసా మీదుగ నిర్మల్ దాకా వస్తది. ఇదే రోడ్డు మీద కళ్యాణ్ దిక్కు పోతూ మాళ్‌శేజ్ దిగినంక, టోకావడే ఊరు రాకముందు, ఎడమ దిక్కు చూస్తే బొటనవేలు నిలబెట్టినట్టు ఒక శిఖరం కనిపిస్తది. నానాచా అంగఠా అంటరు, నానా బొటనవేలు అని. ఆ వేలు పక్క సందే నాణేఘాట్. నేను పదకొండేండ్లు దాన్ని చూసుకుంటనే పోయిన, అదేందో తెల్వకుండ. ఒకరోజు చాయ్ అమ్మే ముసలాయన "ఇప్పుడు మీరు మాళ్‌శేజ్ ఎక్కుతున్నరు, మీకంటే ముందు లారీలోళ్ళు దాన్ని ఎక్కిన్రు" అన్నడు. ముందు అంటే ఎన్నేండ్లు అంటే రెండువేలు అన్నడు. పరాచికం అనుకున్న.

నీ సవాల్‌కు జవాబు ముందే చెప్పేస్త. జూలైల పోకు, నవంబర్ నుంచి ఫిబ్రవరి నడుమ పో. నువ్వు, కొడుకు కింద నుంచి ఎక్కండి. అమ్మ కారుల పైకి వస్తది, అదెట్లనో కింద చెప్పిన.

జూలై ఎందుకు వద్దంటే, మొదటిసారి నేను పోయింది జూలైలనే. రిటర్న్ లోడ్ దొరకలే, ఖాళీ బండి, ఘాట్ కింద ఉన్న వైశాఖరే ఊరి కాడ ఒక ధాబాల పెట్టేసి నేను, మా క్లీనర్ పోరడు బయల్దేరినం. మొదట్ల అడివి, బురద, ఒక వాగు, అంతవరకు మంచిగనే ఉంది. పైకి పోయినకొద్ది దారి రెండు కొండల నడుమ సందు లెక్క ఇరుకైతది, ఆ సందుల రాయి తొలిచి మెట్లు చేసి ఉంటయి, వానకాలంల పైన పడ్డ నీళ్ళన్ని ఆ మెట్ల మీదికెళ్ళే దిగుతయి. అంటే నువ్వు ఎక్కేది దారి కాదు, పారే వాగు. పోరడు జారిండు, మడిమె మెలిక పడ్డది, వాన్ని భుజానికేసుకొని దింపేసరికి చీకటైంది. గుహ ఇంకా ఇరవై నిమిషాల దూరంల ఉండెనట, అది తర్వాత తెలిసింది. చెయ్యిదాకా వచ్చింది నోటిదాకా రాలే అంటరు చూడు, గట్లైంది.

ఉల్టా జలపాతం అబద్ధం కాదు. కొంకణ్ దిక్కు నుంచి వచ్చే వానకాలం గాలి ఆ నిట్టనిలువు గోడకు కొట్టుకొని పైకి లేస్తది, పైనుంచి పడే నీళ్ళను పడనియ్యకుండ తిరిగి మన మొఖం మీదనే చల్లుతది. కానీ ఆ గాలి జోరుగ ఉన్నరోజే మబ్బు కూడా గట్టిగ దిగుతది, సగం మంది పోయి తెల్లటి గోడ చూసి వస్తరు. ఇగ శని ఆదివారాలైతే పుణె, ముంబై బండ్లతోని కాలు పెట్టే సందు ఉండది. అంచు కాడ రాయి పాచి పట్టి ఉంటది, పదేండ్ల పిల్లగాడు చెయ్యి విడిపించుకొని ఉరికితే ఆపెటోడు లేడు. వానలు జోరైతే ఇసుంటి జాగలకు రావద్దని కలెక్టర్ ఆర్డర్లు కూడా వస్తుంటయి. మాళ్‌శేజ్ల దరడ్ (కొండచరియ) పడితే రోడ్డే బంద్, నేను ఒకసారి ఆ క్యూల రాత్రంతా స్టీరింగ్ మీద తల పెట్టి పండుకున్న. అందుకే వద్దంటున్న.

ఇగ కింద నుంచే ఎందుకు ఎక్కాలె. కారుల జున్నర్ నుంచి పోతే ఘాట్‌ఘర్ దాటి మైదానం లెక్క ఉన్న జాగల దిగుతవు, నాలుగడుగులు నడిస్తే సందు కనిపిస్తది, తొంగి చూసి ఓహో అంటవు, ఫోటో, అయిపోయింది. అది ఘాట్ చూసినట్టు కాదు. మన దక్కన్ అంతా పై అంతస్తు అనుకో, కొంకణ్ కింది అంతస్తు, నడుమ సహ్యాద్రి గోడ. కింది అంతస్తుల సోపారా, కళ్యాణ్ రేవులు, సముద్రం మీది సరుకు ఆడ దిగేది. పై అంతస్తుల జున్నర్, ఆడి నుంచి గోదావరి ఒడ్డున పైఠణ్, అప్పటి పేరు ప్రతిష్ఠానం, శాతవాహనుల రాజధాని. గోడకు మెట్లు ఎక్కడ దొరికితే వ్యాపారం అక్కడ్నే. ఆ గోడ ఎంత ఎత్తో కింద నిలబడి మెడ ఎత్తి చూడకుంటే, చెమట కార్చకుంటే, పైన ఆ గుహ ఎందుకు ఉన్నదో, రాజుగారి కుటుంబం బొమ్మలు అడివిల ఎందుకు పెట్టిన్రో బుర్రకు ఎక్కదు. నేను ఎప్పుడు ఎక్కినా లోడ్ లెక్కనే వేసుకుంట, ఘాట్ల రెండో గేర్ల బండి మూలుగుతుంటది కదా, ఆ మూలుగుడు ఈడ కాళ్ళల్ల వినిపిస్తది.

బండ్లు ఎక్కే దారి కాదది, చూస్తే నీకే తెలుస్తది, ఆ సందుల చక్రం పట్టది. సరుకు ఎక్కితే పెరికె ఎడ్ల మీదనో, గాడిదల మీదనో, మనిషి నెత్తి మీదనో ఎక్కాలె. మా తాత చిన్నప్పుడు లంబాడోళ్ళు ఉప్పు బస్తాలు ఎడ్లకు అటొకటి ఇటొకటి వేసి మా ఊరి మీదుగ తోలుకపోయేటోళ్ళని చెప్పేటోడు, వందల ఎడ్లు, ముందు ఎద్దుకు పెద్ద గంట. నాణేఘాట్ మెట్లు ఎక్కేటప్పుడు నాకు ఆ గంట గుర్తొస్తది. ఒకచోట మెట్టు నడుమ అరిగి గిన్నె లెక్క గుంట పడి ఉంటది, రెండు పక్కల ఎత్తుగ, నడుమ లోతు, అరికాలు పెడితే సరిగ్గ కూర్చుంటది. చెప్పులు విడిచి పెట్టి చూడు. నీళ్ళు అరగదీసిందెంతో కాళ్ళు అరగదీసిందెంతో లెక్క చెప్పలేం గని, నాకైతే కాళ్ళే అనిపిస్తది.

ఏం సరుకు పోయేది అంటవా. క్రీస్తు శకం మొదటి శతాబ్దంల ఈజిప్టు దిక్కు నుంచి వచ్చి పోయే ఒక గ్రీకు వ్యాపారి, పేరు తెల్వదు, తోటి వ్యాపారులకు పనికొస్తదని ఒక పుస్తకం రాసి పెట్టిండు, పెరిప్లస్ అంటరు. ఏ రేవుల ఏం అమ్ముడుపోతది, ఏం దొరుకుతది, ఎక్కడ జాగ్రత్తగ ఉండాలె, అచ్చం మనం డ్రైవర్లం ఒకరికొకరం ఫోన్ల చెప్పుకున్నట్టే ఉంటది. భరూచ్ (గుజరాత్ల రేవు) నుంచి పైఠణ్‌కు ఇరవై రోజుల దారి, పైఠణ్ నుంచి తూర్పుకు తగరకు పది రోజులు అని రాసిండు. తగర అంటే ఇప్పటి తేర్, ధారాశివ్ జిల్లాల ఉంది. పైఠణ్ నుంచి రంగు రాళ్ళు, తగర నుంచి మోటు బట్ట, సన్న బట్ట, ఇవి బండ్ల మీద వేరే దారిల భరూచ్‌కు దిగేవట. తగరకు సముద్రం ఒడ్డు దిక్కు సరుకు కూడా వచ్చేదని ఒక ముక్క ఉంటది, అది తూర్పు సముద్రమని కొందరి లెక్క. తూర్పు సముద్రం నుంచి తేర్‌కు రావాలంటే నడుమ మనమే ఉన్నం కదా తమ్ముడూ, తెలంగాణ దాటకుండ ఎట్ల వస్తది. అటు నుంచి మన దిక్కు వచ్చినవి ఇటలీ మద్యం, రాగి, తగరం, సీసం, పగడాలు. నేను పసుపు వేసుకపోయి బట్టలు తెచ్చిన, ఆళ్ళు బట్టలు వేసుకపోయి మందు తెచ్చిన్రు. అంతే తేడా.

అదే పుస్తకంల కళ్యాణ్ గురించి ఒక ముచ్చట ఉంది, నాకు మస్తు నవ్వొస్తది. అంతకుముందు మంచిగ నడిచిన రేవు అట, తర్వాత రాజులు మారి ఆడ దిగకుండ ఆపేసిన్రట, ఏ గ్రీకు ఓడ పొరపాటున పోయినా కాపలా పెట్టి భరూచ్‌కు మళ్ళించేటోళ్ళట. అంటే రూట్ డైవర్షన్. పశ్చిమ క్షత్రపులు (గుజరాత్ దిక్కు ఏలిన శక రాజులు), శాతవాహనులు ఈ ఘాట్ల కోసం, రేవుల కోసం కొట్టుకున్న కాలమది. క్షత్రపుల రాజు నహపానుని మంత్రి అయమ వేయించిన శాసనం జున్నర్ గుహల్లనే ఉన్నది, అంటే కొన్నాళ్ళు జున్నర్ వీళ్ళ చేతి నుంచి పోయినట్టే. తర్వాత గౌతమీపుత్ర శాతకర్ణి గెలిచి నహపానుని వెండి నాణేల మీద తన ముద్ర కొట్టించిండు. 1906ల నాసిక్ దగ్గర జోగల్‌థెంబీ అనే ఊర్ల 13 వేల పైచిలుకు నాణేలు ఒక్కచోటనే దొరికినయి, వాటిల ఎక్కువ శాతం ఇట్ల తిరగ కొట్టినవే. నోట్ల రద్దు చూసినోళ్ళం మనకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు గుహ. సందు పైకొచ్చే కాడ ఉంటది. మొదటిసారి చూసినోళ్ళకు ఖాళీ గది లెక్క కనిపిస్తది, గోడల పొంటి కూర్చునే అరుగు, అంతే, బొమ్మల్లేవు, రంగుల్లేవు, అజంతా అనుకొని పోతే నిరాశే. కుడి గోడకు, ఎడమ గోడకు మొఖం దగ్గర పెట్టి చూడు. బ్రాహ్మీ లిపి, ప్రాకృతం భాష, ఒక్కో గోడకు పది పది వరుసలు, నడుమల చాలా ముక్కలు రాలిపోయినయి. శాతకర్ణి రాజు భార్య నాగనిక పేరుతోని చెప్పుకుంటరు, క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దం నాటిదని ఎక్కువ మంది లెక్క. ఇంద్రుడు, సంకర్షణుడు, వాసుదేవుడు, చంద్రుడు సూర్యుడు, నలుగురు దిక్పాలకులు, వీళ్ళకు దండం పెట్టి మొదలైతది. ఆ తర్వాతదంతా చేసిన యాగాలు, ఇచ్చిన దక్షిణలు. అశ్వమేధం, రాజసూయం, ఇన్ని ఆవులు, ఇన్ని గుర్రాలు, ఏనుగులు, ఊళ్ళు, ఇన్ని కార్షాపణాలు (అప్పటి నాణేలు). అంటే గోడ మీద ఖర్చుల చిట్టా.

ఆ చిట్టా వల్లనే ఈ గుహకు దునియాల పేరు. ఎందుకంటే అంకెలు ఉన్నయి. మన దేశంల దొరికిన అంకెలల్ల మస్తు పాతవి ఇవి. నీ కొడుకును ఆ అంకెలు వెతకమను, ఆట లెక్క ఉంటది. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకు రెండు అడ్డగీతలు. ఆరు, ఏడు, తొమ్మిది చూస్తే ఇప్పటి వాటికి చుట్టాల లెక్క కనిపిస్తయి. కానీ సున్నా లేదు. సున్నా లేకుండ వేలు ఎట్ల రాసిన్రు అంటే, నూరుకు ఒక గుర్తు, వెయ్యికి ఒక గుర్తు వేరేగ ఉంటయి, వెయ్యి గుర్తుకు నాలుగు అతికిస్తే నాలుగు వేలు. 24,400 కార్షాపణాల దక్షిణ ఒకటి ఉంది, దాన్ని ఇరవై వేలు, నాలుగు వేలు, నాలుగు నూర్లు అని మూడు గుర్తులల్ల కొట్టిన్రు, చెక్ మీద అక్షరాలల్ల రాసినట్టే. 1828ల సైక్స్ అనే ఇంగ్లీష్ ఆఫీసర్ ఈ గుహను చూసి బయటి లోకానికి చెప్పిండు, తర్వాత భగవాన్‌లాల్ ఇంద్రజీ అనే పండితుడు ఈ అంకెల సంగతి తేల్చిండు, బ్యూలర్ అనే జర్మన్ పండితుడు 1883ల మొత్తం పాఠం అచ్చేసిండు.

చూసే కిటుకు ఒకటి చెప్త. ఫోన్ టార్చ్ సూటిగ కొట్టకు, ఏం కనపడది. గోడకు ఆనించి పక్క నుంచి కొట్టు, గీతల నీడలు పడి అక్షరాలు లేస్తయి. నీళ్ళు చల్లుడు, సుద్ద రుద్దుడు చెయ్యకు, చేసేటోణ్ణి చూస్తే ఆపు. పేర్లు గీకేటోళ్ళతోని నేను రెండుసార్లు కొట్లాడిన, ఒకడు మన దిక్కోడే, అదే ఎక్కువ సిగ్గనిపించింది.

వెనక గోడకు వస్తే నేను ఎక్కువసేపు నిలబడేది ఆడనే. ఎనిమిది నిలువెత్తు బొమ్మలుండె. ఇప్పుడు ఒక్కటి లేదు, ఒకటి రెండు చోట్ల పాదాల ఆనవాలు కనిపిస్తది, అంతే. కానీ ఆ తలల పైన రాసిన పేర్లల్ల ఏడు మిగిలినయి. సిముక శాతవాహనుడు, దేవి నాయనిక (నాగనికనే), శాతకర్ణి రాజు, భాయల కుమారుడు, మహారఠి త్రనకయిర, హకుసిరి కుమారుడు, శాతవాహన కుమారుడు. పెద్దాయన, కొడుకు, కోడలు, మనుమలు, ఇంకో పెద్దమనిషి అని కొందరి లెక్క. ఇప్పుడు నాకా (చెక్‌పోస్టు) కాడ లీడర్ల ఫ్లెక్సీలు కడ్తరు చూడు, మొత్తం ఖాందాన్ మొఖాలు, కింద పేర్లు, నువ్వు కట్టే పైసలు ఎవరి రాజ్యంల కడ్తున్నవో యాదికుండాలె అని. ఇది కూడా అదే పని. ఊపిరి అందక పైకొచ్చిన వ్యాపారి మొట్టమొదట చూసేది రాజు ఇంటోళ్ళను.

ఆ తర్వాత చూసేది రంజన్. మన ఇండ్లల్ల ఎండాకాలం నీళ్ళు చల్లగుండేటందుకు పెట్టుకునే మట్టి రంజన్ తెలుసు కదా, మరాఠీల కూడా రాంజణ్ అనే అంటరు. అసుంటిదే, కానీ ఒకే రాయి తొలిచి చేసింది, గుండ్రటి కడుపు, పైన మూతి, ఆరుబయట కూర్చొని ఉంటది. జకాత్ (సరుకు మీది పన్ను) పైసలు దాంట్ల వేసేటోళ్ళని ఊరోళ్ళ మాట. నాణేలు పడే ఘాట్ గనుక నాణేఘాట్, మరాఠీల నాణె, మనకు నాణెం, ఒక్క సున్నా తేడా. నానా బొటనవేలు కథ చెప్పేటోళ్ళు వేరే ఉన్నరు, ఏది నమ్ముతవో నీ ఇష్టం. నా మట్టుకు నేను జకాత్ నాకాల కాడ ఎన్ని రాత్రులు లైన్ల నిలబడ్డనో లెక్క లేదు. 2017ల జీఎస్టీ వచ్చినంక ముంబై జకాత్ పోయిందిగని, అంతకుముందు ఒక నాకాల ఒక కాగితం తక్కువుందని పసుపు లోడ్‌తోని రెండు పగళ్ళు ఆపిన్రు, సేట్ ఫోన్ మీద ఫోన్. అందుకే ఆ రాతి రంజన్ చూస్తే అందరికి చరిత్ర కనిపిస్తది, నాకు లైన్ కనిపిస్తది. ఎడ్లు అరుస్తుంటయి, ముందున్నోడు బేరం ఆడుతుంటడు, వెనకున్నోడు తిడుతుంటడు. ఇప్పుడు ఫాస్టాగ్, రెండు సెకన్ల టింగు.

శాతవాహనులు మనోళ్ళా మరాఠోళ్ళా అని నువ్వు చివర్ల ఒక ముక్క అడిగినవు. ధాబాలల్ల ఈ లొల్లి నేను మస్తు విన్న. పురాణాలు వాళ్ళను ఆంధ్రులు అంటయి, సిముకుని పేరున్న నాణేలు జగిత్యాల దిక్కు కోటిలింగాలల దొరికినయి, ఇటు పైఠణ్, నాసిక్, ఈ గుహ మహారాష్ట్రల ఉన్నయి. గోడ మీదున్నది తెలుగు కాదు, మరాఠీ కాదు. పైఠణ్ పక్కనుంచి పోయే గోదావరే నాందేడ్ దాటి, బాసర దాటి, కోటిలింగాల పక్కనుంచి పోతది. మా దిక్కోళ్ళం పొద్దుగాల ఒక భాషల, మాపటికి ఒక భాషల మాట్లాడుతం, మాకు ఈ పంచాయతీ ఎక్కువ ఎక్కది.

సరే, ఎట్ల పోవాలె. మొదటి రోజు పొద్దుగాల నాలుగింటికి నాందేడ్ల బయల్దేరు, 61 మీదనే పర్భణి, నగర్ దాటి ఆళేఫాటా, ఆడి నుంచి ఓతూర్ మీదుగ మాళ్‌శేజ్. చీకటి పడకముందే ఘాట్ దిగేటట్టు చూసుకో. రాత్రి టోకావడేలనో ముర్బాడ్లనో పండుకో. కారు వద్దనుకుంటే దేవగిరి ఎక్స్‌ప్రెస్ కళ్యాణ్ల దింపుతది, ముర్బాడ్, మాళ్‌శేజ్ దిక్కు పోయే ఎస్టీ బస్సు (మహారాష్ట్ర సర్కారు బస్సు) ఎక్కి వైశాఖరే దాటినంక నాణేఘాట్ దారి కాడ దిగొచ్చు, కానీ అమ్మతోని కారే నయం.

రెండో రోజు ఆరున్నరకల్లా ఎక్కుడు మొదలు పెట్టాలె. నీకు, పిల్లగానికి రెండున్నర మూడు గంటలు పడ్తది, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, బూట్లు గట్టివి, చివరి అరగంట మెట్లు నిటారు, ఆడ పిల్లగాణ్ణి ముందు నడిపించి నువ్వు వెనక నడువు, ముందు నువ్వుంటే వాడు జారితే నీకు తెల్వది. నువ్వు ఎక్కేటప్పుడే కారు డ్రైవర్, అమ్మ మళ్ళ మాళ్‌శేజ్ ఎక్కి ఓతూర్, జున్నర్, చావండ్ మీదుగ ఘాట్‌ఘర్ నుంచి పైకి రావాలె, దానికి కూడా దాదాపు గంతే టైం. మా ఇంటోళ్ళతోని పోయినప్పుడు నేను గుహల కూర్చొని చెమట తుడుచుకుంటుంటే పైనుంచి మా ఆవిడ పిలుపు వినిపించింది, పది నిమిషాల తేడా. కారు నువ్వే నడిపేటట్టైతే ఒక డ్రైవర్‌ను మాట్లాడుకో, పైసలకు చూసుకోకు.

గుహల పొద్దుగాల జనం రాకముందు అరగంట కూర్చో. అమ్మకు గుహ దాకా దిగుడు కష్టం కావొచ్చు, పైనుంచి గుహకు వచ్చేదానికి కొన్ని మెట్లు దిగాలె, చెయ్యి పట్టుకుంటే వస్తది, లేకుంటే పైన గాలికి కూర్చోబెట్టు, కొంకణ్ అంతా కాళ్ళ కింద పరిచినట్టు కనిపిస్తది. జీవధన్ కోట పక్కనే ఉంది గని ఈసారి జోలికి పోకు, పిల్లగానికి ఎక్కువైతది. ఘాట్‌ఘర్ల ఇండ్లల్ల చెప్పి పెడితే పిఠ్లా (శనగపిండి కూర), భాకరీ (రొట్టె) చేసి పెడ్తరు, ఠేచా కారం చూసి తిను. తిరిగి వచ్చేటప్పుడు టైం మిగిలితే జున్నర్ల లేణ్యాద్రి, అష్టవినాయకులల్ల ఒక గణపతి బౌద్ధుల గుహల కూర్చున్నడు, అమ్మకు అది నచ్చుతది, మెట్లు దాదాపు మూడు నూర్లు ఉంటయి, డోలీ దొరుకుతది. శివనేరి కోట ఇంకోసారి.

పెట్రోల్ జున్నర్లనే నింపుకోమని డ్రైవర్‌కు చెప్పు, ఆ తర్వాత నమ్మకం లేదు. ఫోన్ సిగ్నల్ సందుల అస్సలు ఉండది, పైన కూడా వస్తది పోతది, అందుకని కింద విడిపోయేటప్పుడే జాగ ఖరారు చేసుకోండి. గుహ కాడ అంటే ఎవరు పైన ఎవరు కింద తెల్వక తిరుగుతరు. రంజన్ కాడ అని చెప్పు, అది ఒక్కటే ఉంటది, ఎవరిని అడిగినా చూపిస్తరు.